ప్లాంక్ స్థిరాంకం తప్పుగా రానివ్వండి: విశాఖ ఫిజిక్స్ విద్యార్థులకు తలకిందుల సలహాలు

ప్రాక్టికల్స్‌లో చీటీ తీస్తే మీకు ప్లాంక్ స్థిరాంకం పడిందనుకోండి. ఎదురుగా ఒక నల్ల పెట్టె, అందులో ఫోటోసెల్, పక్కన దీపం, నాలుగైదు రంగుల ఫిల్టర్లు, ఒక వోల్ట్‌మీటరు, నానో ఆంపియర్లు చూపే ఇంకో మీటరు. అప్పటికే మీ చెవిన చాలా సలహాలు పడి ఉంటాయి. సీనియర్ రికార్డు చేతికి వచ్చి ఉంటుంది. 6.62 దగ్గరకు తెచ్చుకుంటే చాలు, మిగతాది ఎవరూ అడగరని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నేను రాస్తున్నవి వాటికి పూర్తిగా ఎదురు సలహాలు. చూడగానే మార్కులు పోగొట్టే దారిలా కనిపిస్తాయి. అయినా ప్రతి మాటా మనస్ఫూర్తిగా చెబుతున్నాను. మన ఊరి కాలేజీల్లో పిల్లలు ఈ ప్రయోగాన్ని నిజంగా చేయాలని, రికార్డులో నింపే మరో పేజీగా అది మిగిలిపోకూడదని నా కోరిక.

ప్రయోగం సారం చిన్నదే. లోహం మీద కాంతి పడితే ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. కాంతి పౌనఃపున్యం పెరిగితే వాటి శక్తి పెరుగుతుంది. తీవ్రత పెరిగితే సంఖ్య పెరుగుతుంది గాని శక్తి పెరగదు. ఎదురు వోల్టేజీ పెంచుకుంటూ పోతే ఒకచోట అన్నిటికన్నా జోరుగా వచ్చే ఎలక్ట్రాను కూడా ఆగిపోతుంది. అదే నిరోధక పొటెన్షియల్. రంగులు మారుస్తూ ఆ వోల్టేజీని కొలిచి, పౌనఃపున్యానికి ఎదురుగా గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది. ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాను ఆవేశంతో భాగిస్తే వచ్చేదే ఆ రేఖ వాలు: 4.136 × 10⁻¹⁵ వోల్ట్ సెకన్లు. 1887లో హెర్ట్జ్ కంటపడిన ఈ విషయాన్ని 1902లో లెనార్డ్ కొలతలతో విప్పి చూపాడు. 1905లో ఐన్‌స్టీన్ ఒక్క సమీకరణంలో చెప్పాడు. 1916 నాటికి షికాగోలో మిల్లికన్ అంకెలతో నిలబెట్టాడు.

జవాబు తప్పు రానివ్వండి

పుస్తకంలో విలువ ఎంతో పక్కన పెట్టి కూర్చోండి. 5.4 వస్తే 5.4 రాయండి. 7.9 వస్తే 7.9 రాయండి.

కారణం ఉంది. 2019 మే 20 నుంచి ప్లాంక్ స్థిరాంకం కొలిచి తెలుసుకోవలసిన రాశి కాదు. అంతకు ముందు నవంబరులో వెర్సాయ్‌లో కూర్చున్న దేశాలన్నీ దాని విలువను 6.62607015 × 10⁻³⁴ జౌల్ సెకన్లుగా ఖరారు చేశాయి. ఆ అంకె వెనక ప్లస్ మైనస్ ఏదీ లేదు. అంతవరకూ కిలోగ్రాముకు ప్రమాణం పారిస్ శివార్లలో దాచిన ప్లాటినం, ఇరిడియం దిమ్మె. 1889 నుంచి దానిదే రాజ్యం. ఇప్పుడు కిలోగ్రామునే ప్లాంక్ స్థిరాంకం నుంచి రాబడుతున్నారు. మన ఔటర్ హార్బర్‌లో దిగే ప్రతి టన్ను బొగ్గూ, వేబ్రిడ్జి ఎక్కే ప్రతి లారీ బరువూ చిట్టచివరికి ఈ స్థిరాంకం మీదే నిలబడి ఉన్నాయి. అదే రోజు నుంచి ఎలక్ట్రాను ఆవేశం కూడా స్థిరపడిన అంకె అయింది: 1.602176634 × 10⁻¹⁹ కూలుంబులు.

అంటే మీ గ్రాఫు వాలు ఎంత రావాలో ముందే నిర్ణయమై ఉంది. సరిగ్గా అదే వస్తే మీకు కొత్తగా తెలిసేది తక్కువ. 5.4 వస్తే మాత్రం తెలియాల్సింది చాలా ఉంది. ఫోటోసెల్ పాతబడిందా? ఫిల్టరు తన మీద రాసిన రంగునే వదులుతోందా? మీటరు సున్నా ఎక్కడుంది? గదిలో తేమ ఎంత? మీ పరికరం గురించి మీకు తెలియనిదంతా ఆ తేడాలోనే ఉంది. తేడాను చెరిపేసిన విద్యార్థి ప్రయోగాన్నే చెరిపేసినట్టు.

రికార్డుల్లో అందరూ గురిపెట్టే 6.625 గురించి కూడా ఒక మాట చెప్పాలి. అది 1950ల నాటి విలువను మూడు దశాంశాలకు కుదించగా వచ్చిన అంకె. కొలతల శాస్త్రం దాన్ని దాటిపోయి చాలా కాలమైంది. మన గైడ్లు మాత్రం ఇంకా అదే వేస్తున్నాయి. లేని రీడింగులు అల్లి మరీ ఒక పాత అంకెను చేరుకోవడం ఎంత వృథా శ్రమో ఆలోచించండి.

కాలేజీ ల్యాబును వదిలి ఉక్కు ల్యాబును అనుసరించండి

ఈ సలహా ఇవ్వడానికి విశాఖ కన్నా తగిన ఊరు లేదు. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని ఊరూరా పోరాడి సాధించుకున్న కర్మాగారం మనది. అక్కడ కొలిమి ముందు నిలబడిన ప్రతివాడూ తెలియకుండానే ప్లాంక్ సూత్రాన్ని చూస్తున్నాడు. ఎందుకంటే ఈ స్థిరాంకం మొదట పుట్టింది కాంతి విద్యుత్ ఫలితంలో కాదు, కాలే వస్తువుల వెలుగులో. వేడెక్కిన వస్తువు ఏ రంగును ఎంత వెలువరిస్తుందో చెప్పే సూత్రం కోసం వెతుకుతూ మాక్స్ ప్లాంక్ 1900 డిసెంబరు 14న బెర్లిన్‌లో ఈ సంఖ్యను లోకం ముందు పెట్టాడు. అప్పుడు ఆయనకు వచ్చిన విలువ, ఇప్పటి ప్రమాణాల్లో చెబితే, 6.55 × 10⁻³⁴. కరిగిన ఉక్కు 1600 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎంత వేడిగా ఉందో దూరం నుంచి దాని వెలుగును చూసి చెప్పే పైరోమీటరు పనిచేసేది ఆ సూత్రం మీదే.

కాంతి విద్యుత్ ఫలితం కూడా ఉక్కు పరిశ్రమలో రోజూ కష్టపడుతుంది. ఉక్కు తయారయ్యే చోట కరిగిన లోహంలోంచి చిన్న నమూనా తీసి, చల్లార్చి, ఒక ముఖం సాన పడతారు. ఆర్గాన్ వాయువులో దాని మీద విద్యుత్ నిప్పురవ్వలు పుట్టిస్తారు. ఆ వెలుగును గ్రేటింగుతో విడదీస్తే కార్బన్ 193 నానోమీటర్ల దగ్గర, సల్ఫర్ 181 దగ్గర, ఫాస్ఫరస్ 178 దగ్గర తమ తమ రేఖలు చూపిస్తాయి. ఆ రేఖల కాంతిని కరెంటుగా మార్చే పని దశాబ్దాలుగా ఫోటోమల్టిప్లయర్ గొట్టాలది. కాంతి పడితే లోహపు పూత నుంచి ఎలక్ట్రాను బయటికి రావడమే వాటి పని. మీ నల్ల పెట్టెలోని ఫోటోసెల్‌కు అవి దగ్గరి చుట్టాలు.

అక్కడ సల్ఫర్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ వచ్చిందనుకోండి. అంకెను దిద్దరు, లాడిల్‌లోని ఉక్కును దిద్దుతారు. అంకె మీదే అనుమానం వస్తే, సంఘటనం ముందే తెలిసిన ప్రామాణిక నమూనాను అదే యంత్రంలో పెట్టి చూస్తారు. దానికి రావాల్సింది ఎంత, వచ్చింది ఎంత అన్నదాన్ని బట్టి యంత్రాన్ని సరిచేస్తారు. ప్రామాణిక నమూనా ఉన్నది యంత్రం తప్పును బయటపెట్టడానికే. 2019 తర్వాత ప్లాంక్ స్థిరాంకం మీ ల్యాబుకు అలాంటి ప్రామాణిక నమూనా. దానితో మీ పరికరాన్ని పరీక్షించండి.

సున్నా దగ్గర ఆగకండి

మాన్యువల్ ఏం చెబుతుంది? ఎదురు వోల్టేజీ పెంచుతూ పో, కరెంటు సున్నా కాగానే ఆ వోల్టేజీ రాసుకో. ఇలా చేసినవారిలో చాలామందికి విలువ తక్కువగా వస్తుంది. అప్పుడే దిద్దుబాటు మొదలవుతుంది.

సున్నా దాటి ముందుకు వెళ్ళండి. ఇంకో వోల్టు, వీలైతే రెండు వోల్టులు పెంచి చూడండి. మీటరు సున్నా దగ్గర నిలవదు, కిందికి జారుతుంది. కరెంటు రుణ విలువలోకి పోయి, అక్కడ కొంత దూరం దాదాపు సమంగా సాగుతుంది. ఇది మీటరు లోపం కాదు. ఏళ్ళ తరబడి వాడిన ఫోటోసెల్ గొట్టంలో కాథోడ్ మీది సీజియం కొంచెం కొంచెంగా ఆవిరై ఆనోడ్ తీగ మీద చేరుతుంది. చెదిరిన కాంతి ఆ తీగ మీద కూడా పడుతుంది. అప్పుడు ఆనోడ్ నుంచీ ఎలక్ట్రాన్లు వస్తాయి, వెనక్కి ప్రవహిస్తాయి. కాబట్టి మీరు చూసిన సున్నాకు అర్థం ఎలక్ట్రాన్లు ఆగిపోయాయని కాదు. అటు నుంచి వచ్చేవీ ఇటు నుంచి పోయేవీ సమానమయ్యాయని.

అసలు నిరోధక పొటెన్షియల్ అంతకన్నా ముందుకు ఉంటుంది. కింద సమంగా సాగే భాగాన్ని వదిలి వక్రరేఖ పైకి లేవడం మొదలెట్టే చోటే అది. ఆ చోటు కనిపెట్టడం సులువు కాదు. వక్రరేఖ అక్కడ మెల్లగా లేస్తుంది, మూల తిరిగినట్టు తిరగదు. అందుకే అక్కడ దగ్గర దగ్గరగా రీడింగులు తీయండి. కరెంటు పెద్దగా ఉన్న చోట నాలుగు రీడింగులు చాలు. ఏమీ జరగడం లేదనిపించే చోట ఇరవై తీయండి. మీ సమయంలో ఎక్కువ భాగం ఆ నిర్జీవంగా కనిపించే ప్రాంతంలో గడవాలి. మాన్యువల్ చెప్పిన పట్టికలో అన్ని గడులు ఉండవు కాబట్టి అదనపు కాగితం అంటించండి.

పనిలో పనిగా దీపాన్ని దూరం జరిపి మళ్ళీ చేయండి. తీవ్రత మారితే నిరోధక పొటెన్షియల్ మారకూడదని లెనార్డ్ 1902లోనే తేల్చాడు. మీ దగ్గర మారితే, ఎంత మారిందో అంత మీ కొలతలో ఉన్న అనిశ్చితి. దాన్ని ఫలితం పక్కనే రాయండి. వైవాలో అంతకన్నా గట్టి సమాధానం ఉండదు.

ఉక్కపోత రోజునే చేయండి, దీపం ఆర్పి చేయండి

మన ఊరి గాలి ఎలాంటిదో ఢిల్లీలో రాసిన మాన్యువల్‌కు తెలియదు. సముద్రం పక్కన ఉప్పు తేమ. రేవు వైపు నుంచి గాలి తిరిగితే బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి. ఉదయం తుడిచిన కిటికీ సాయంత్రానికి నల్లబడుతుందని పాత ఊరి వాళ్ళను అడిగితే చెబుతారు. అదే ధూళి ఫోటోసెల్ పీఠం మీదా, సాకెట్టు మీదా చేరుతుంది. తేమ తగిలితే ఆ పొర గుండా కరెంటు కారుతుంది. లెక్క చూడండి. గాజు మీద ఆ పొర నిరోధం వంద కోట్ల ఓములు ఉందనుకున్నా, ఒక వోల్టుకు ఒక నానో ఆంపియరు ప్రవహిస్తుంది. మీరు నిరోధక పొటెన్షియల్ దగ్గర వెతుకుతున్న కరెంటు కూడా ఆ పాటిదే.

పొడి గాలి కోసం సంక్రాంతి దాకా ఆగమని చెప్పేవాళ్ళుంటారు. నేనైతే చెమటలు కారే రోజున మొదలుపెట్టమంటాను. మొదటి పట్టిక దీపం ఆర్పి, పెట్టె మూసి తీయండి. వోల్టేజీ మార్చుకుంటూ కరెంటు రాయండి. గ్రాఫు మూలబిందువు గుండా పోయే సరళరేఖ అయితే అది తేమ గుండా కారుతున్న కరెంటు. వోల్టేజీ సున్నా ఉన్నప్పుడే కరెంటు కనిపిస్తే మీటరు సున్నా పక్కకు జరిగిందని అర్థం. వోల్టేజీతో పనిలేకుండా కిటికీ తెర కదిపినప్పుడల్లా మారితే పెట్టెలోకి వెలుతురు దూరుతోంది. ఒక్క చీకటి పట్టిక మూడు జబ్బులను విడివిడిగా చూపిస్తుంది. ఆ తర్వాత దీపం వెలిగించి తీసిన ప్రతి రీడింగు నుంచి ఈ చీకటి రీడింగును తీసేయండి.

మందు కూడా చెబుతాను. సరఫరా ఆపేసి, గొట్టం పీఠాన్ని స్పిరిట్‌లో ముంచిన మెత్తటి గుడ్డతో తుడవండి. తర్వాత వేళ్ళతో ముట్టుకోకండి, చేతి చెమటలోనూ ఉప్పే ఉంటుంది. పెట్టెలో సిలికా జెల్ పొట్లం ఉంచండి. పని లేనప్పుడు ఫోటోసెల్‌కు మూత పెట్టండి. జనవరిలో మళ్ళీ అదే చీకటి పట్టిక తీసి రెండూ పక్కపక్కన పెట్టండి. ఆ రెండు కాగితాలూ కలిస్తే మన ఊరి గాలిలో మీ గొట్టం ఎలా ప్రవర్తిస్తుందో చెప్పే పత్రం. అది మార్కెట్లో దొరికే ఏ గైడులోనూ ఉండదు.

గీతకు దూరంగా పడిన చుక్క దగ్గరకే ముందు వెళ్ళండి

మన ల్యాబుల్లో ఎక్కువగా కనిపించే ఫిల్టర్లు 635, 570, 540, 500, 460 నానోమీటర్లవి. వాటిలో ఏవైనా రెండు తీసుకుని వోల్టేజీల తేడాను పౌనఃపున్యాల తేడాతో భాగిస్తే స్థిరాంకం వస్తుందని మాన్యువల్‌లో సూత్రం ఉంటుంది. ఐదు ఫిల్టర్లకు పది జతలు. పదింట్లో ఒకటి రెండు జతలు 6.6 దగ్గర పడకపోతే ఆశ్చర్యం. అలా పడిన జతను ఎంచుకుని మిగతావన్నీ మరిచిపోవడం చాలాచోట్ల ఆచారమైపోయింది. ఇది అబద్ధమని చేసేవారికి అనిపించదు, ఎందుకంటే ఆ రెండు రీడింగులూ నిజమైనవే. అందుకే ఇది మరింత ప్రమాదం.

పది జతలూ లెక్కగట్టండి, పదీ రాయండి. ఏ జత ఎంత నమ్మదగ్గదో కూడా చెప్పండి. 460, 500 ఫిల్టర్ల మధ్య నిరోధక పొటెన్షియల్‌లో రావాల్సిన తేడా దాదాపు 0.22 వోల్టులు. ఒక్కో రీడింగులో 0.02 వోల్టు తప్పు ఉండి, రెండూ కలిసొస్తే ఫలితం 19 శాతం దాకా తప్పుతుంది. అదే 460, 635 జత తీసుకుంటే రావాల్సిన తేడా 0.74 వోల్టులు. అదే తప్పు ఇక్కడ 5 శాతం పైచిలుకు మాత్రమే. ఈ చిన్న లెక్క తెలిసినవారు దగ్గరి రంగుల జతలో 6.62 వచ్చిందని మురిసిపోరు. అది కాకతాళీయమని వాళ్ళకు తెలుస్తుంది.

ఐదు చుక్కల్లో నాలుగు ఒక గీత మీద ఉండి, ఒకటి దూరంగా పడిందా? దాన్ని రబ్బరుతో తుడవకండి. ఆ ఫిల్టరును తీసుకెళ్ళి పక్క బల్ల మీదున్న స్పెక్ట్రోమీటరు చీలిక ముందు పెట్టి, గ్రేటింగు గుండా చూడండి. గాజు ఫిల్టరు ఒకే రంగును వదలదు, ఒక పట్టీని వదులుతుంది. నిరోధక పొటెన్షియల్‌ను నిర్ణయించేది ఆ పట్టీలో అన్నిటికన్నా నీలం వైపున్న అంచు. పైన అచ్చు వేసిన అంకెకూ ఆ అంచుకూ తేడా ఉంటే మీ చుక్క తప్పు కాదు, దాన్ని గ్రాఫు మీద పెట్టిన చోటు తప్పు. పాదరస దీపం ఉన్న ల్యాబులో 365, 404.7, 435.8, 546.1 నానోమీటర్ల రేఖలు విడివిడిగా దొరుకుతాయి కాబట్టి ఈ బాధ తక్కువ.

పని ప్రమేయం గురించి పుస్తకం చెప్పింది రాయకండి

ఈ సలహాకు వైవాలో ప్రతిఘటన ఎదురవుతుంది. అయినా నిలబడండి. గ్రాఫు రేఖ నిలువు అక్షాన్ని ఖండించే చోటు నుంచి కాథోడ్ లోహపు పని ప్రమేయం వస్తుందని పుస్తకాలు చెబుతాయి. నిజమైన వలయంలో రెండు వేర్వేరు లోహాలు తీగతో కలిసి ఉంటాయి. అలా కలిసినప్పుడు వాటి మధ్య స్పర్శ పొటెన్షియల్ పుడుతుంది. దాని విలువ రెండు పని ప్రమేయాల తేడా మీద ఆధారపడుతుంది. సమీకరణంలో దాన్ని చేర్చి చూడండి: కాథోడ్ పని ప్రమేయం కొట్టుకుపోయి ఆనోడ్‌ది మిగులుతుంది. మీరు ఆ ఖండన బిందువు నుంచి చదువుతున్నది కాంతి పడని వైపు లోహం గురించి. వాలు మాత్రం మారదు. కాబట్టి ప్లాంక్ స్థిరాంకానికి ముప్పు లేదు. ఈ రెండు వాక్యాలు తడబడకుండా చెప్పగలిగితే ఎదుటివారు ఆలోచనలో పడతారు.

మిల్లికన్‌కు ఇది బాగా తెలుసు. అందుకే ఆయన గాజు గొట్టంలో ఒక చిన్న వర్క్‌షాపే పెట్టాడు. శూన్యంలో సోడియం, పొటాషియం, లిథియం దిమ్మెలు. బయట నుంచి అయస్కాంతంతో తిప్పే కత్తి వాటి ముఖాన్ని చెక్కి తాజా లోహాన్ని బయటపెట్టేది. అదే శూన్యంలో స్పర్శ పొటెన్షియల్‌నూ కొలిచాడు.

నమ్మకం లేకుండా కొలవండి

మిల్లికన్ దగ్గర నేర్చుకోవలసిన పెద్ద సంగతి వేరే ఉంది. ఆయన ఐన్‌స్టీన్ కాంతి కణాలను నమ్మలేదు. కాంతి తరంగమని రుజువైన తర్వాత ఈ ప్రతిపాదన దుస్సాహసమనే 1916 వ్యాసంలోనూ రాశాడు. తప్పని తేలుతుందని ఆశించి ఏళ్ళ తరబడి కొలిచాడు. సమీకరణం అక్షరాలా నిలబడింది. తనకు నచ్చని ఫలితాన్ని ఉన్నదున్నట్టు అచ్చు వేశాడు: 6.57 × 10⁻³⁴. ఐన్‌స్టీన్‌కు 1921 నోబెల్, మిల్లికన్‌కు 1923 నోబెల్ రావడంలో ఆ కొలతల పాత్ర పెద్దది.

ఆ 6.57 ఇప్పటి విలువకన్నా 0.85 శాతం తక్కువ. ఎందుకో విడదీసి చూడండి. గ్రాఫు వాలులో ఆయన తప్పు పావు శాతమే. మిగతాది తన నూనె చుక్కల ప్రయోగం నుంచి తెచ్చుకున్న ఎలక్ట్రాను ఆవేశం విలువలో ఉంది. అది 0.6 శాతం తక్కువ. కారణం గాలి స్నిగ్ధతకు వాడిన అంకె. అయితే తర్వాత ఆవేశాన్ని కొలిచినవారు ఒక్కసారిగా సరైన విలువకు చేరలేదు. కొంచెం ఎక్కువ, ఇంకొంచెం ఎక్కువ అంటూ మెల్లగా పైకి పాకారు. మిల్లికన్ విలువకు దూరంగా వచ్చినవాళ్ళు తమ తప్పు ఎక్కడుందోనని వెతుక్కున్నారు. దగ్గరగా వచ్చినవాళ్ళు వెతకలేదు. 1974లో కాల్టెక్ విద్యార్థులకు ఫైన్‌మన్ ఈ కథ చెప్పి, మనల్ని మనమే మోసం చేసుకోకూడదని హెచ్చరించాడు. రికార్డులో 6.62 కోసం తడుముకునే చేతికీ ఆ పెద్ద శాస్త్రవేత్తల చేతికీ ఉన్న జబ్బు ఒకటే.

జవాబు చూడకుండా కొలిచే సంప్రదాయం మనకు పరాయిది కాదు. కలకత్తాలో రామన్‌తో కలిసి సూరి భగవంతం 1931లో ఫోటానుకు స్పిన్ ఉందనే ప్రయోగ రుజువును ప్రచురించాడు. చెదిరిన కాంతి ఎంతమేరకు ధ్రువణాన్ని కోల్పోతుందో ఓపికగా కొలిచి, ఒక్కో ఫోటాను మోసే కోణీయ ద్రవ్యవేగం ప్లాంక్ స్థిరాంకాన్ని 2π తో భాగించినంత అని చెప్పారు. ఆ మరుసటి ఏడాదే భగవంతం వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడే కొచ్చెర్లకోట రంగధామరావు వర్ణపటశాస్త్రానికి దేశమంతా గుర్తించిన కేంద్రాన్ని కట్టాడు. 1942 ఏప్రిల్ 6న రేవు మీద జపాను బాంబులు పడ్డాక విశ్వవిద్యాలయమే గుంటూరుకు తరలిపోయి, యుద్ధం ముగిశాక తిరిగి వచ్చింది. ఇంత జరిగినా కొలతను వదలని ఊరిలో చదువుతున్నారు మీరు. పాత రికార్డు నుంచి పట్టిక ఎత్తి రాయడం ఈ ఊరికి తగదు.

ఇక మాస్టార్లకు, మేడమ్‌లకు

పిల్లలు అంకె దిద్దుతున్నారంటే దిద్దిన అంకెకు మనం మార్కు వేస్తున్నందువల్లే. ఈసారి ఎక్స్‌టర్నల్‌గా వెళ్ళినప్పుడు ఫలితానికి ఉన్న మార్కులను చీకటి పట్టికకూ, సున్నా దాటి తీసిన రీడింగులకూ, గ్రాఫు మీద వదిలేసిన దూరపు చుక్కకూ పంచండి. సీలు వేసిన మాన్యువల్‌లో ఆ వెసులుబాటు లేకపోతే వైవాలోనైనా ఇవ్వండి. 5.4 రాసిన అమ్మాయిని ఎందుకు తక్కువ వచ్చిందని అడుగుతున్నాం. 6.62 రాసిన అబ్బాయిని కూడా ఎందుకంత సరిగ్గా వచ్చిందని అడగండి. ఇద్దరిలో ఎవరి దగ్గర సమాధానం ఉంటే వాళ్ళకే ఎక్కువ మార్కులు వేయండి.